ఊరికే కుట్టిన చొక్కా

బొత్తాలు కోసుకుని చొక్కా దానమిచ్చే మనిషిని ఏమనాలో మిషనక్కకి తోచలేదు. తోచిన మాటలు లేకపోలేదు గానీ, అవి చర్చిలో అనదగ్గవి కావు.

చర్చి వెనక గదిలో బట్టల గుట్ట ఆమె నడుమెత్తు ఉంది. మార్కెట్టు వెనక వరసిళ్ళు కాలిపోయిన దగ్గర్నుంచీ జనం తెచ్చి పడేస్తూనే ఉన్నారు. ఇళ్ళు పోగొట్టుకున్న కుటుంబాలు పక్కనే, పిల్లలకి ఆదివారపు బడి జరిగే హాల్లో, బెంచీలు అడ్డం పెట్టుకుని కాపురాలు చేస్తున్నాయి. వాళ్ళ కోసం ఈ బట్టలు ఏరి, బాగుచేసి, మడతపెట్టే పని మిషనక్క మీద పడింది. ఎవరూ ఆమెని పిలిచి అడగలేదు. "మిషనక్క ఉందిగా" అన్నారు, అంతే. సంఘంలో కర్టెన్లు చిరిగినా అదే మాట, పాటలవాళ్ళకి అంగీలు కావాలన్నా అదే మాట, పాస్టరుగారి కోటు బిగుతైనా అదే మాట. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బతికే మనిషికి డబ్బులిచ్చే గిరాకీ కూడా ఉంటుందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

"చూడండి అమ్మగారూ," అంటూ ఆమె ఒక చొక్కా ఎత్తి పట్టుకుంది. "దారం కొసలు ఇంకా వేలాడుతున్నాయి. బ్లేడు పెట్టి కోశారు. ఒక్కటి కాదు, ఇదిగో ఇదీ, ఇదీ, అదీ. ఆ ప్యాంటుకి హుక్కు కూడా ఊడబీకారు."

బల్ల దగ్గర కూర్చుని మూటలకి గులాబీ రంగు రిబ్బన్లు కడుతున్న ప్రెసిడెంటమ్మ తల ఎత్తలేదు. ఆవిడ స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు. గొంతు మెత్తన, పని మాత్రం అవతలివాళ్ళది.

"సంతోషంగా ఇచ్చారమ్మా పాపం. ఇచ్చినవాళ్ళని తప్పుపట్టకూడదు."

"నేను తప్పుపట్టట్లేదండీ. బొత్తాలు పట్టుకుపోయారు అంటున్నా."

"నువ్వు కుట్టేస్తావుగా. నీకెంత సేపు!"

మిషనక్క పళ్ళు నూరుకుని సూదిలోకి దారం ఎక్కించింది. డబ్బాలో ఉన్న బొత్తాలన్నీ తన ఇంటి నుంచి తెచ్చినవే. ఒక్కో చొక్కాకీ ఒకే రకం దొరకవు. పైన తెల్లవి, కింద కనపడని చోట రంగువి కుట్టుకుంటూ పోతోంది.

"కొంచెం నవ్వు మొహం పెట్టమ్మా," అంది ప్రెసిడెంటమ్మ, ముడి బిగిస్తూ. "సేవ చేసేటప్పుడు మొహం మాడ్చుకుంటే దేవుడికి ఏం బాగుంటుంది? పని చేతులతో కాదు, మనసుతో చెయ్యాలి."

మనసుతో బొత్తం ఎలా కుడతారో చూపించమని అడుగుదామనుకుంది మిషనక్క. ఈలోగా సూది వేలికి గుచ్చుకుంది.

అప్పుడే గుమ్మంలో ఒక మనిషి నిలబడింది. హాల్లో ఉంటున్న వాళ్ళలో ఒకతె. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, ఒంటి మీద ఎవరిదో పొట్టి నైటీ. ఏదో పెద్ద ఆఫీసు గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేస్తుంది కాబట్టి హాల్లో అందరూ ఆమెని సెక్యూరిటీ అనే పిలుస్తున్నారు.

"అక్కా, ఇందులో లేత నీలం చొక్కా ఏమైనా వచ్చిందా?" అని మిషనక్కనే అడిగింది. "మగవాళ్ళదైనా పర్లేదు. యూనిఫారం కాలిపోయింది. సోమవారం డ్యూటీకి రమ్మన్నారు. యూనిఫారం లేకుండా రావద్దు, రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటాం అని సూపర్‌వైజరు చెప్పేశాడు. ప్యాంటు దొరికింది, చొక్కానే..."

గుట్టలో లేత నీలం లేదు. ఎరుపు గళ్ళున్నాయి, పూలున్నాయి, ఎవరో సన్నగా ఉన్న రోజుల్లో తొడుక్కున్న పసుపుపచ్చ కోటుంది.

"మిషనక్క కుట్టి ఇస్తుందిలే!" అంది ప్రెసిడెంటమ్మ, అప్పటికప్పుడు మొహం వెలిగిపోయి. "ఆదివారం అందర్నీ ముందుకి పిలిచి ఇస్తున్నాంగా, నీకూ అప్పుడే. చూడు, దేవుడు ఎంత చక్కగా ఏర్పాటు చేశాడో!"

దేవుడు ఏర్పాటు చేస్తే గుడ్డ ఎవరు కొంటారు, కుట్టేదెవరు? మిషనక్కకి ఒళ్ళు మండింది. మండుతూనే తల ఊపింది, ఎందుకంటే ఆ మనిషి ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపలికి రావచ్చో రాకూడదో తేల్చుకోలేకుండా ఉంది.

"మరి కొలతలు ఇప్పుడే ఇచ్చి వెళ్ళనా?" అంది సెక్యూరిటీ.

"కొలతలెందుకమ్మా, ఆమెకి చూపుకే తెలుస్తుంది," అంది ప్రెసిడెంటమ్మ.

మిషనక్క ఒక్క చూపు చూసింది. ఇంటి దగ్గర గిరాకీ గుర్తొచ్చింది, ఇంకా బొత్తాలు కుట్టాల్సిన చొక్కాలు గుర్తొచ్చాయి. "ఫర్లేదు, నేను చూసుకుంటాలే," అంది. సెక్యూరిటీ ఇంకాసేపు నిలబడి, వెళ్ళిపోయింది.

*

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే భర్త పకపకా నవ్వాడు. ఆయన పాలవ్యాను నడుపుతాడు. తెల్లారకముందే లేచినా మధ్యాహ్నానికి కూడా హుషారు తగ్గని మనిషి.

"నా గుడ్డ ఉందిగా! మా ఓనరు డ్రైవర్లకి పంచింది. లేత నీలమేగా అది. ఇచ్చెయ్."

"ఇచ్చెయ్ అంటే ఇచ్చెయ్యడమేనా? మీకు చొక్కా కుడదామని దాన్ని పెట్టెలో పెట్టి ఎన్నాళ్ళయింది! ఉన్న రెండూ కాలరు దగ్గర చిరిగి దారాలొస్తున్నాయి."

"పాల డబ్బాలు నా కాలరు చూస్తాయా ఏంటే?"

"మీకేం, ఇచ్చెయ్ అనేస్తారు. అత్త సొమ్ము అల్లుడు దానం. కుట్టేది నేను, కళ్ళు పోయేది నాకు, నడుం పడిపోయేది నాకు."

"గుడ్డ నాదే కదే," అన్నాడాయన, ఇంకా నవ్వుతూనే.

అదే ఆమెకి సహించదు. ఆయన ఎవరికేం ఇచ్చినా ఇలాగే, జేబులోంచి చెయ్యి తీసినంత తేలిగ్గా ఇస్తాడు. ఆయన్ని చూసి అందరూ మంచివాడంటారు. ఆమె కూడా ఇస్తూనే ఉంది, ఆయనకన్నా ఎక్కువే ఇస్తోంది, కానీ ఇచ్చేటప్పుడు ఆమె మొహం చూసినవాళ్ళు మాత్రం 'అబ్బో, మిషనక్కా!' అంటారు.

గుడ్డ బల్ల మీద పరిచింది. చేత్తో సాఫుచేసింది. మంచి గుడ్డ, వెడల్పూ ఎక్కువే, ముడత పడదు. ఆ మనిషి భుజం ఇంత ఉంటుంది, చేతి పొడుగు ఇంత ఉంటుంది అని మనసులో అనుకుంటూ సుద్దముక్కతో గీతలు గీసింది. గీశాక వెనక్కి జరిగి చూసింది. ఇలా కత్తిరిస్తే మిగిలేది తుక్కే, ఎందుకూ పనికిరాదు. చంక దగ్గర గీతని కాస్త లోపలికి తెచ్చి, పక్కల వదిలే మార్జిన్ తగ్గించి, కిందిభాగం కొంచెం పైకి జరిపితే మటుకు, మిగిలిన దాంట్లో ఈయనకి ఒక పొట్టిచేతుల చొక్కా వస్తుంది. పాత గీతల్ని చేత్తో తుడిచేసి కొత్తవి గీసింది. ఊరికే ఇచ్చేదానికి ఇది చాలు, గుడ్డికన్నా మెల్ల నయం.

కత్తెర నడిచింది. మిగిలిన ముక్కని నాలుగు మడతలు పెట్టి, భర్త కంట పడకుండా పెట్టె అడుగున పెట్టింది. చూస్తే మళ్ళీ ఎవరికో ఇచ్చేస్తాడు.

శుక్రవారం, శనివారం రెండు రోజులూ గిరాకీ పనికీ ఈ చొక్కాకీ మధ్య తల ప్రాణం తోకకొచ్చింది. ఒకావిడ గౌను అడగడానికి వచ్చి, ఇంకా కుట్టలేదని తెలిసి గొడవపెట్టుకుని పోయింది. భుజాల మీద పట్టీలు, రెండు జేబులు, వాటికి మూతలు, అన్నీ చిల్లర పనులే. బాబిన్‌లో దారం మాటిమాటికీ చిక్కుపడింది. అది విప్పుకుంటూ ఆమె గట్టిగానే ప్రార్థన చేసింది: "ప్రభువా, ఇవ్వమన్నావు, ఇస్తున్నా. పైగా నవ్వమంటున్నారు. ఆ ఒక్కటీ నాతో కాదు. చొక్కా ఒకటే తీసుకుని నన్ను వదిలెయ్."

భర్త పక్క గదిలోంచి "ఆమెన్" అన్నాడు. ఆమె దిండు తీసి విసిరింది.

*

ఆదివారం ప్రసంగం అంతా ఇవ్వడం గురించే. సణుక్కుంటూ ఇచ్చే మనిషికన్నా సంతోషంగా ఇచ్చే మనిషంటేనే దేవుడికి ప్రీతి అని పాస్టరుగారు చెప్పారు. "మన మధ్యనే ఉన్నారు అలాంటివాళ్ళు," అని మిషనక్క వైపు చెయ్యి చూపించారు. అందరూ తిరిగి చూశారు. ఆమె మొహం ఎటు తిప్పుకోవాలో తెలియక పాటల పుస్తకంలోకి చూసింది. భర్త మోచేత్తో పొడిచాడు.

ప్రసంగం అయ్యాక రిబ్బన్ల మూటలు వేదిక మీదికి వచ్చాయి. ఇళ్ళు కాలినవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ ముందుకి పిలిచారు. మూట అందుకోవాలి, మైకు దగ్గర రెండు మాటలు చెప్పాలి, ఫోటో దిగాలి. ఒక ముసలాయన మైకు ముందు ఏం చెప్పాలో తెలియక, "మా ఇల్లు కాలిపోయింది," అన్నాడు. అది అందరికీ తెలిసిందే. అయినా చప్పట్లు కొట్టారు. మిషనక్క వరసల వంక చూసింది. బొత్తాలు కోసుకున్నవాళ్ళు కూడా వీళ్ళలోనే ఎక్కడో కూర్చుని చప్పట్లు కొడుతుంటారు.

సెక్యూరిటీ వంతు వచ్చింది. ప్రెసిడెంటమ్మ చొక్కాని మూటలోంచి తీసి అందరికీ కనపడేలా విప్పింది. "ఇది మన మిషనక్క స్వయంగా కుట్టింది! ఒకసారి తొడుక్కో అమ్మా, అందరూ చూస్తారు."

సెక్యూరిటీ ఆ పక్కకీ ఈ పక్కకీ చూసింది. లోపల బనియను లాంటిదేదో ఉంది, దాని మీదే తొడుక్కుంది. బొత్తాలు పెట్టుకునేటప్పుడే మిషనక్కకి తెలిసిపోయింది. ఛాతీ మీద గుడ్డ అడ్డంగా గీతలు పడుతోంది. వెనక వీపు మీద మధ్యలో గుంజుకుపోయి కూర్చుంది. ఆ భుజాలు తను ఊహించిన భుజాలు కావు. రోజంతా గేటు కర్ర ఎత్తీ దించీ గట్టిపడిన భుజాలు.

"ఎంత బాగుందో! చేతులెత్తి ప్రభువుకి స్తోత్రం చెప్పమ్మా," అంది ప్రెసిడెంటమ్మ. ఫోటో తీసే అబ్బాయి ఒక అడుగు ముందుకి వచ్చాడు.

సెక్యూరిటీ చేతులెత్తింది.

చంక కింద కుట్టు చిరిగిన చప్పుడు మైకులోంచి చర్చి అంతా వినపడింది. ముందు వరసలో పిల్లలు కిసుక్కున నవ్వారు. సెక్యూరిటీ చేతులు దించి, చిరిగిన చోటు తడిమి చూసుకుని, మైకులోనే అంది: "చంకలో పట్టేసిందండీ."

"ఊరికే వచ్చినదానికి వంకలా!" అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. "దానం చేసిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టినట్టుంది," అని ఇంకెవరో. ప్రెసిడెంటమ్మ గబగబా మైకు లాక్కుని పాట ఎత్తుకుంది.

మిషనక్క పాట అయ్యేదాకా కూడా ఆగలేదు. లేచి ఇంటికి నడిచింది. దారి పొడుగునా తిట్టుకుంటూనే ఉంది. ఎవరిని తిడుతోందో ఆమెకే తెలియదు. సొంత గుడ్డ పెట్టి, రెండు రోజుల పని పక్కన పెట్టి, నడుం విరుచుకుని కుడితే, సంఘమంతటి ముందూ 'పట్టేసింది' అంటుందా! సర్దుకుంటే ఏం పోయింది ఆ నోటికి?

*

సాయంత్రం తలుపు చప్పుడైంది. భర్త తీశాడు. సెక్యూరిటీ! చేతిలో చొక్కా.

"అక్కా, చంక తెగింది. పొద్దున్నే డ్యూటీ," అంది.

దండం లేదు, క్షమించమన్న మాట లేదు. మిషనక్క అంతవరకూ పళ్ళ బిగువున పట్టిన మాటలన్నీ ఒక్కసారిగా బయటికి వచ్చాయి.

"ఏం అమ్మాయ్, పొద్దున అందరి ముందూ నా పరువు తీసి, ఇప్పుడు మళ్ళీ వచ్చావా? ఊరికే కుట్టి ఇచ్చాను నీకు! మా ఆయన చొక్కా గుడ్డ అది! డబ్బులిచ్చే వాళ్ళని పక్కన పెట్టి కుట్టాను. ఒక్క మంచి మాట రాలేదు నీ నోట్లోంచి, 'పట్టేసింది' అంట!"

"చేతులెత్తమన్నారు, ఎత్తాను," అంది సెక్యూరిటీ. "పట్టేసింది, పట్టేసిందన్నాను. బాగుందని చెప్పి రేపు గేటు దగ్గర చెయ్యెత్తలేక నిలబడితే నా ఉద్యోగం పోతుంది. మీ పరువు నేనెందుకు తీస్తానక్కా? మీరు ఊరికే కుట్టారు కాబట్టే ఇలా కుట్టారు. నేను డబ్బులిచ్చే మనిషినైతే కొలతలు తీసుకునేవాళ్ళు కాదా?"

భర్త ఏదో హాస్యం ఆడబోయి, పెళ్ళాం మొహం చూసి మానుకున్నాడు.

మిషనక్క ఆమె చేతిలోంచి చొక్కా లాక్కుని, తెగిన చోటు తిరగేసి చూసింది. కోపం ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది, కానీ అది ఇప్పుడు ఆ మనిషి మీద నిలవడం లేదు. సిగ్గేసింది. గుమ్మంలో నిలబడి, 'కొలతలు ఇప్పుడే ఇచ్చి వెళ్ళనా' అని ఈ మనిషే నోరు తెరిచి అడిగిందన్నది కూడా గుర్తొచ్చింది.

"లోపలికి రా," అంది చివరికి. "అక్కడ నిలబడు. చేతులు చాపు. ఊపిరి బిగబట్టకు, మామూలుగా పీల్చు."

కొలిచింది. భుజం నుంచి భుజానికి కొలిచింది, నమ్మకం లేక మళ్ళీ కొలిచింది. చెయ్యెత్తించి కొలిచింది. గేటు కర్ర ఏ చేత్తో ఎత్తుతావని అడిగింది. కుడిచేత్తో అని సెక్యూరిటీ చెబితే ఆ చంక చుట్టుకొలత మళ్ళీ విడిగా తీసుకుంది.

తరవాత పెట్టె దగ్గరికి వెళ్ళి, అడుగునున్న నీలం ముక్క బయటికి తీసింది. నాలుగు మడతలూ విప్పింది. భర్త ఆ గుడ్డ వంకా ఆమె వంకా చూశాడు.

"ఇది ఎక్కడిదే?"

"మీ పొట్టిచేతుల చొక్కా," అంది, తల ఎత్తకుండా. "వస్తుందని దాచాను. రాదిప్పుడు."

ఆయన నవ్వలేదు. కుర్చీ ఒకటి తెచ్చి సెక్యూరిటీకి వేసి, దీపం మిషను దగ్గరికి జరిపి పెట్టాడు.

కుట్లు విప్పడం ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. సెక్యూరిటీ పిన్నీసుతో ఒక పక్క విప్పుతోంటే, మిషనక్క బ్లేడుతో ఇంకో పక్క విప్పింది. చంకల కింద ముక్కలు అతికింది, వీపు మధ్యలో కొత్త పట్టీ వేసింది. మిగిలిన గుడ్డ అంతా దానికే అయిపోయింది. పని నడుస్తున్నంతసేపూ ఇద్దరికీ ఒకటే పోట్లాట.

"జేబు ఇంకా కిందికి ఉండాలక్కా. విజిల్ పెట్టుకోవాలి."

"కిందికి దిగితే బొడ్డు దగ్గరికి వస్తుంది."

"అంత కిందికి కాదు, ఇక్కడికి."

"ఇక్కడికా? ఇక్కడికి ఎవరు పెడతారు జేబు?"

"మా సూపర్‌వైజరు చొక్కాకి ఇక్కడే ఉంది."

"మీ సూపర్‌వైజరు దర్జీయా?" అని గదిమింది మిషనక్క. గదిమి, జేబు విప్పి, చెప్పిన చోటే కుట్టింది.

తొడిగి చూసింది సెక్యూరిటీ. ఒక చెయ్యి ఎత్తింది, రెండోది ఎత్తింది, వంగింది, లేచింది. "కాలరు ఒక పక్క కొంచెం వంకరగా ఉంది," అంది అద్దంలో చూసుకుంటూ. "పర్లేదు. ఈ వారం అయ్యాక తెస్తాను, సరిచేద్దురుగాని."

"తీసుకురా, చూద్దాం," అంది మిషనక్క.

*

సోమవారం పొద్దున్న మిషనక్క దారం రీళ్ళు తెచ్చుకోవాలని బయల్దేరింది. పాలు వేసి వచ్చి నిద్రకి ఒరిగిన భర్త ఒక కన్ను తెరిచి, ఆమె తిరిగిన వైపు చూసి, "దారం కొట్టు ఇటు కదే?" అన్నాడు.

"నాకు తెలుసు," అంది, సెక్యూరిటీ పనిచేసే ఆఫీసు వైపే వెళ్ళింది.

పెద్ద ఆఫీసు ముందు బళ్ళు వరసకట్టాయి. గేటు దగ్గర లేత నీలం చొక్కా ప్యాంటులోకి దోపుకుని సెక్యూరిటీ నిలబడి ఉంది. ఒక్కో బండినీ ఆపుతోంది, అద్దం దించమంటోంది, లోపలికి తొంగి చూస్తోంది, కుడిచేత్తో కర్ర ఎత్తుతోంది. ఖరీదైన కారులో ఒకాయన హారన్ మోగిస్తే అతని వంక చూడను కూడా చూడలేదు. అతని వంతు వచ్చేదాకా ఆపింది. మిషనక్క రోడ్డు దాటి, ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి వెళ్ళింది. ఆమె కళ్ళు చంక దగ్గరే ఉన్నాయి.

"ఆగండి!"

సెక్యూరిటీ చెయ్యి పైకి లేచింది. మిషనక్క వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది. ఎవరూ లేరు.

"నేనే, అమ్మాయ్."

"తెలుసక్కా. లోపల ఎవరినైనా కలవాలా?"

"లేదు. నిన్ను చూసి పోదామని."

"అయితే ఇక్కడ నిలబడకూడదు. బళ్ళు తిరిగే చోటు ఇది. ఆ గోడ పక్కకి వెళ్ళండి."

నవ్వు లేదు, మొహమాటం లేదు. అందరికీ చెప్పినట్టే చెప్పింది. ఆ మాట ఇంకెవరైనా అనుంటే మిషనక్క అక్కడే రోడ్డు మీద నాలుగు దులిపేది. ఇప్పుడు ఆ ఎత్తిన చేతినే చూస్తూ నిలబడింది. చెయ్యి నిటారుగా పైకి ఉంది, మోచెయ్యి వంగలేదు, వీపు మీద ఒక్క గీత పడలేదు. చంక దగ్గర గుడ్డ చేతితో పాటు లేచి, చేతితో పాటు ఆగింది. ఆమెకి ఒక్కసారిగా ఎంత సంతోషం వేసిందంటే, ఎవరికి చెప్పుకోవాలో తెలియక చుట్టూ చూసింది.

"అక్కా, గోడ పక్కకి," అంది సెక్యూరిటీ. వెనక బండి హారన్ కొట్టింది.

"వెళ్తున్నా, వెళ్తున్నా," అంటూ మిషనక్క గోడ పక్కకి జరిగింది.

"ఇంకొంచెం."

ఇంకొంచెం జరిగింది.